నూనె అంటిన కాగితం

మంచిర్యాల,
12 ఫిబ్రవరి 1959

మగ్దలేనక్కకు,

వందనాలు తర్వాత చెప్తాను, ముందు చెప్పాల్సింది వేరే ఉంది. ఎప్పుడూ "నా బంగారు అక్కకు" అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి ఆ బంగారం కలం దాకా వచ్చి ఆగిపోయింది.

దుకాణంలో కూర్చుని రాస్తున్నా. గిరాకీ వస్తే ఆపి మళ్ళీ రాస్తా, అక్కడక్కడ తెగినట్టుంటే అదే కారణం. కలం పడితే నాకు బోర్డింగు బడిలో నేర్పిన భాషే వస్తుందని నువ్వు వెక్కిరిస్తుంటావు కదా, రానీ. మనుషుల మాటలు మాత్రం ఎవరి నోట ఎలా విన్నానో అలాగే రాస్తాను. నువ్వు తర్వాత "అట్ల అనలేదు" అనడానికి లేకుండా.

శనివారం కరీంనగర్‌లో మన బోర్డింగు బడి దొరసానమ్మ వీడ్కోలు సభకు నేనూ వచ్చాను. నీకు తెలియదు. దుకాణం విడిచి రాలేనని నేనే ముందు రాశాను గదా. కానీ కరీంనగర్‌లో ఏదో సర్కారు కచేరీ పాత ఉర్దూ కాగితాలు వేలం వేస్తుందని మా ఆయనకు, అదే మీ మరిదికి, కబురొచ్చింది. పొద్దున బయల్దేరుతూ ఆయనే అన్నాడు: "నువ్వు సుత రారాదు? దొరసానిని ఒక్కసారి సూసినట్టుంటది. నేను కట్టలు బండికెత్తిచ్చేటాళ్ళకు మీ పాటలు గీటలు అయిపోతయ్." సరేనని మంచి చీర కట్టుకున్నాను. పెద్దపల్లి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. దారంతా నాకు ఒకటే ముచ్చట, వెనక నుంచి వచ్చి నీ కళ్ళు మూస్తే ఎలా అరుస్తావో అని. నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఏంది బిడ్డా, పెండ్లికి పోతున్నవా?" అని అడిగింది. "అంతకంటె ఎక్కువవ్వా, మా అక్కను సూడబోతున్న" అన్నాను. చూడు, ఎంత పిచ్చిదాన్నో.

గుడి నిండిపోయి ఉంది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక్కో ఊరి సంఘం వాళ్ళు లేచి దొరసానమ్మకు కానుకలు ఇస్తున్నారు. పెద్దపల్లి వాళ్ళది ఇత్తడి పళ్ళెం. మంథని దిక్కు పల్లెల వాళ్ళది నేత దుప్పటి. తర్వాత పాస్టరయ్య ఆసిఫాబాద్ సంఘాన్ని పిలిచాడు. ముందు ఏలియా బావ, వెనక నువ్వు. నీ చేతిలో పట్టుగుడ్డ చుట్టిన మూట. పాస్టరయ్య గుడ్డ విప్పి, లోపలున్నదాన్ని అందరికీ కనబడేలా పైకెత్తాడు.

మన అతుకుల పుస్తకం, అక్కా.

"ఇది మన మగ్దలేనమ్మ చేతిపని! ఎన్నేండ్ల కష్టమో సూడుండ్రి! దొరసానమ్మ నేర్పిన విద్య, మళ్ళ దొరసానమ్మకే సమర్పిస్తున్నది!" అన్నాడు. గుడి గుడంతా చప్పట్లు. నువ్వు తల వంచుకున్నావు. సిగ్గుతో అనుకున్నారు అందరూ. నేను మాత్రం నువ్వు ఇప్పుడు నోరు తెరుస్తావు, ఇప్పుడు తెరుస్తావు అని చూస్తూనే ఉన్నాను. నా పక్కనున్నామె మోచేత్తో పొడిచి, "ఏమే, సప్పట్లు కొట్టవేంది? ఎంత ఓపికనో సూడు గామెకు!" అన్నది. కొట్టాను. నా రెండు చేతులతో నేను చప్పట్లు కొట్టాను. మంట ఎక్కడుందని అడిగితే నాకు అక్కడుంది.

హనుమండ్లు సేటు వచ్చాడు, పొట్లాల కట్ట కోసం. ఇచ్చి పంపాను. "ఏందమ్మా, కండ్లు ఎర్రగున్నయ్?" అన్నాడు. పాత కాగితాల దుమ్మన్నాను.

నువ్వు మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. దొరసానమ్మ దేశం నుంచి ఏటా ఒక పెట్టె వచ్చేది. అక్కడి వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పంపుకున్న పాత క్రిస్మస్ కార్డులు, రాత ఉన్న సగం కత్తిరించేసి బొమ్మ ఉన్న సగం మన బోర్డింగు పిల్లలకు పంపేవాళ్ళు. మంచు కురిసిన ఇళ్ళు, ఎర్ర ముక్కు పిట్టలు. వాటిని ఎలా కత్తిరించాలి, పాత కాగితం మీద ఎలా పేర్చాలి, గుడ్డ పేలికా, ఎండిన ఆకూ, వాడిన స్టాంపూ పక్కపక్కన పెడితే ఎలా అందమొస్తుంది, అంతా దొరసానమ్మే చూపించింది. ఒకటే షరతు పెట్టింది, దేన్నీ కొనకూడదని. చేతికి వచ్చినదే అతికించాలి. నువ్వు మైదా లై కలిపేదానివి, నేను చింతగింజల జిగురు ఉడికించేదాన్ని. ఎవరిది గట్టిదని ఇద్దరికీ కొట్లాట.

నీకు ఏలియా బావతో పెళ్ళయి ఆసిఫాబాద్ పోయినప్పుడు, ఒక్క పుస్తకాన్ని ఇద్దరం ఎట్లా పంచుకోవాలని ఏడ్చుకున్నాం. అప్పుడు నువ్వే చెప్పావు: "ఒక ఏడు నీ దగ్గర, ఒక ఏడు నా దగ్గర. ఆకు ఈ దిక్కు నువ్వు అతికియ్యి, మరుసటేడు దాని ఎనక దిక్కు నేను అతికిస్త. ఒకల దిక్కు ఒకలు ముట్టొద్దు." ప్రతి క్రిస్మస్‌కు పుస్తకం చేతులు మారేది. పోయిన ఏడు నీది. మొన్న క్రిస్మస్‌కు నాకు ఇవ్వాల్సింది. "జర పని మిగిలింది చెల్లే, ఇంకొన్నాళ్ళు ఉంచుకుంట" అన్నావు. ఉంచుకో అన్నాను. ఇదా ఆ పని?

పుస్తకంలో నా ఆకులన్నీ పోయినా ఇంత బాధపడేదాన్ని కాదు. అందులో నా బిడ్డ దీనమ్మ ఆకు ఉంది. నువ్వు మరిచిపోవడానికి లేదు. ఆ రోజు నేను మూకుట్లో మసీ ఆముదమూ కలిపి కాటుక నూరుతున్నా. పక్కన ఉర్దూ ముద్ర ఉన్న పాత స్టాంపు కాగితం, పుస్తకంలో అతికిద్దామని పరిచి పెట్టుకున్నా. నా బిడ్డ పాకుతూ వచ్చి కాటుకలో చెయ్యి ముంచి టప్పున ఆ కాగితం మీద కొట్టింది. అయిదు వేళ్ళూ పడ్డాయి. బొటనవేలు సరిగ్గా నిజాం ముద్ర మీద పడింది. కొడదామని చెయ్యెత్తి, దాని మొహం చూసి నవ్వొచ్చి ఆపేశాను. సర్కారు కాగితం మీద నా బిడ్డ దస్తకత్ చేసిందని, సంతకం పెట్టిందని మీ మరిది వాడంతా చెప్పుకుని తిరిగాడు. ఆ కాగితం అలాగే అతికించాను, చుట్టూ దాని గౌను ముక్కతో అంచు కట్టాను. మరుసటి వానాకాలం తట్టు పోసి పోయింది. ఫోటో లేదు. దానికి ఆఖరి స్నానం పోసింది నువ్వు, అక్కా. నీ చేతులతో పోశావు.

దుకాణానికి నూనె అంటిన కాగితం తెస్తే నేను కొనను. పొట్లానికి పనికిరాదు, పక్కనున్న కాగితాలను కూడా పాడు చేస్తుంది. నా బతుకులో నేను దాచుకున్న నూనె కాగితం అదొక్కటే. దాన్ని నువ్వు నన్ను అడగకుండా, నా ముందరే, నీ పేరు మీద, సముద్రం అవతలికి దానం చేశావు.

చాయ్ ఇవ్వకముందే బయటికి వచ్చేశాను. కట్టల బండి దగ్గర మీ మరిది, "పోయి అడుగరాదు? గిరాకీతోని గంట కొట్లాడుతవు గదా, గాడ నోరు పడిపోయిందా?" అన్నాడు. "నోరున్నది. అడిగేటందుకు అక్కనే లేకపాయె" అన్నాను.

ఎందుకు చేశావో రాయి. దొరసానమ్మ నెలాఖరుకు బొంబాయి పోతుందట, ఓడ ఎక్కుతుందట. అంతలోపల ఆ ఒక్క ఆకు నాకు రావాలి. ఎట్లా తెస్తావో నీ ఇష్టం.

నీ చెల్లె అని రాయబుద్ధి కావడం లేదు.

రిబ్కమ్మ,
పాత కాగితాల దుకాణం, స్టేషన్ రోడ్డు


మంచిర్యాల,
27 ఫిబ్రవరి 1959

ఏలియా గారి భార్య మగ్దలేనమ్మకు,

జవాబు రాలేదు. టపా ఆయన సైకిలు మా దుకాణం దాటిపోయిన ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. నన్ను చూసి ఆయనకే జాలేసి, "రాలేదమ్మా" అని దూరం నుంచే చెయ్యి ఊపడం అలవాటు చేసుకున్నాడు.

ఇక నువ్వు తెచ్చేది లేదని తెలిసి నేనే కరీంనగర్ పోయాను. దొరసానమ్మ బంగళా ముందు వంటమనిషి రాజయ్య తాత అడ్డం నిలబడ్డాడు.

"దొరసాని సామాన్లు కట్టుకుంటున్నది. రేపు రా పో."

"రేపు ఆమె రైల్ల ఉంటది తాతా. రైలెనుక ఉరుకుమంటవా నన్ను?"

"అందరిదీ గదే మాట. పొద్దటిసంది ఏడ్చెటోళ్ళే వస్తున్నరు. ఆమె బట్టలన్ని తడిసిపోయినయ్."

"నేను ఏడ్వ. కొట్లాడుటానికొచ్చిన. జరుగు."

ఆయన నవ్వి జరిగాడు.

దొరసానమ్మ పెట్టెల మధ్య కింద కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసి, ఆ బైబిలు తెలుగులోనే, "నీవు రిబ్కా కదా! చింతగింజల రిబ్కా!" అన్నది. కొట్లాడుదామని పోయినదాన్ని ఆ మాటకే సగం చల్లబడ్డాను. పుస్తకం చూడాలన్నాను. వెంటనే తీసింది. పెట్టెలో పెట్టలేదు, చేతిసంచిలో తన బట్టల మధ్య పెట్టుకుంది.

ఒక్కో ఆకు తిప్పాను. నా ఎర్ర ముక్కు పిట్టలు. నీ ఎండు తంగేడు పూలు. దీనమ్మ ఆకు రావాల్సిన చోటికి వచ్చేసరికి ఆకు లేదు. కుట్టు దగ్గర సన్నని అంచు మాత్రం మిగిలుంది, క్షౌరం కత్తితో కోసినట్టు నున్నగా. దొరసానమ్మను అడిగితే, "నాకు అందినప్పుడే ఇట్లున్నది. ఆకు చినిగి ఉండును అనుకొంటిని" అన్నది.

ఆమెతో అంతా చెప్పేశాను. పుస్తకం ఇద్దరిదని, సగం నాదని, నన్ను అడగలేదని. ఆమె పుస్తకం మూసి రెండు చేతులతో నా ముందు పెట్టి, "తీసికొని వెళ్ళుము. ఇది నాది కాదు" అన్నది.

తీసుకుని రావాల్సిందే. ఒళ్ళో పెట్టుకున్నాను కూడా. లేవబోతుంటే ఆమె, "ఒక్క నిమిషము" అని మొదటి ఆకు తెరిచి, గొర్రెల బొమ్మ ఉన్న కార్డు అంచు మీద వేలు పెట్టింది. అక్కడ సిరాతో రెండు మూడు అక్షరాలు, సగం తెగిపోయి ఉన్నాయి. మనం చిన్నప్పుడు దాన్ని గీత అనుకున్నాం, గుర్తుందా? "ఇది మా తల్లి చేతివ్రాత. మా ఊరి గుడిలో ఈ కార్డులను ఆమెయే కత్తిరించేది. ఇక్కడ మాత్రము కత్తెర కొంచెము తప్పినది" అన్నది. ఆ తల్లి పోయిందట. ఇక్కడి పని విడిచి పోలేక ఈమె మట్టి వెయ్యడానికి కూడా అందలేదట.

ఇంకేం తీసుకురాను? తల్లి రాత మీద వేలు పెట్టిన మనిషి దగ్గరి నుంచి గుంజుకుని రావడానికి నాకు చేతులు రాలేదు. నాకు కావాల్సిన ఆకు ఎలాగూ అందులో లేదు. "ఉంచుకోండమ్మా, ఒకటే పని చేయండి. నా పేరు రాయండి" అన్నాను. మొదటి ఆకు మీద పాస్టరయ్య రాసిన నీ పేరు ఉంది. దాని కింద ఆమె తన కలంతో "రిబ్కమ్మ" అని తెలుగులో రాసింది. బ కింద మ రాయబోయి ఆగి, సరిచేసుకుని రాసింది. నేను ఊది ఆరబెట్టాను. సముద్రం దాటి వచ్చిన బొమ్మలు మళ్ళీ సముద్రం దాటి పోతున్నాయి. పోనీ.

కానీ దీనమ్మ ఆకు ఏది?

దాన్ని కోసింది నువ్వే. నీ ఇంట్లో ఏలియా బావ క్షౌరం కత్తి ఉంది. ఎందుకు కోశావు? నల్ల మరక ఉన్న ఆకు కానుకకు బాగుండదనా? దొరసాని ముందు పుస్తకం శుభ్రంగా కనబడాలనా? అది తలుచుకుంటే నాకు బోర్డింగు భాష రావడం లేదు. ఏం చేసినవే దాన్ని? పొయ్యిల పెట్టినవా? ఊడ్సి పెంట మీద ఏసినవా? నా బిడ్డ చెయ్యి నీకు గంత కండ్లల్ల గుచ్చుకున్నదా? పుస్తకం ఇచ్చినవంటె పేరు కోసమనుకున్న. పేరు అందరికి కావాలె, నాకు గూడ కావాలె. గని గీ పనికి ఏం పేరు పెట్టాలె?

రాత్రి మీ మరిది ముద్ద దించకుండా కూర్చుంటే, "తినయ్యా" అన్నాను. "ఆమెనే పోసింది గదా తానం" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

నాకు నీ జవాబు అక్కర్లేదు. ఈస్టరు సభలో ఎదురుపడితే పక్కకు తప్పుకో. నేను తప్పుకోను.

రిబ్కమ్మ


మంచిర్యాల,
21 మార్చి 1959

మగ్దలేనక్కా,

నిన్న మధ్యాహ్నం ఏలియా బావ వచ్చాడు. రైలు దిగి ఎండలో నడిచి వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. నేను తూకం వేస్తున్నట్టు తల ఎత్తలేదు.

"రిబ్కా, కూసుండుమనవా?"

"కూసుండు బావా. పుస్తకం నాది కాకపోయినా బల్ల నాదే."

కూర్చున్నాడు. చంకలో రెండు అట్టల మధ్య ఏదో గుడ్డ చుట్టి పెట్టుకున్నాడు. దాన్ని కింద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళిచ్చాను. తాగి మొదలుపెట్టాడు.

"తప్పు నాది. అందరు ఇత్తడి ఇస్తుండ్రి, పట్టు ఇస్తుండ్రి. మా ఊల్లె పంటల్లేవు, సంఘపోల్ల తాన ఏం లేకుండె. ఒట్టి చేతుల్తోని ఎట్ల పోవాలె? నేనే అన్న గా పుస్తకం ఇయ్యుమని. వద్దన్నది. 'సగం రిబ్కది' అన్నది. 'రిబ్క వస్తలేదు గదా, అడిగితె కాదంటదా' అన్న నేను."

"అడిగి సూస్తె తెలుస్తుండె."

"అవును."

"ఆమెకు నోరు లేదా బావా? పాస్టరయ్య ఒక్క పేరే చెప్పిండు. ఆమె గాడనే ఉండె."

బావ ఆ గుడ్డ ముడి సర్దాడు. తర్వాత అన్నాడు: "చెప్పుదామనే నోరు తెరువబోయిందట. గప్పుడే సప్పట్లు షురువైనయ్. రిబ్కా, ఆమె కోసం ఎన్నడన్న ఎవ్వలన్న సప్పట్లు కొట్టిండ్రా? నేను కొట్టిన్నా?"

తూకం రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చాను. నీ మీద కోపం తగ్గిందని కాదు.

"ఉత్తరమన్న రాయొద్దా?" అన్నాను.

"రాసుడు, చింపుడు. రాసుడు, చింపుడు. ఆఖరుకు 'మాటలు వద్దు, ఇది ఇచ్చిరా' అని నన్ను తోలింది" అని గుడ్డ విప్పాడు.

అట్టల మధ్య దీనమ్మ ఆకు. గౌను ముక్క అంచు, నిజాం ముద్ర, అయిదు వేళ్ళు. ఏదీ చెదరలేదు. నేను చేతులు కొంగుకు తుడుచుకుని ముట్టుకున్నాను. కరీంనగర్ బయల్దేరే ముందురోజు నువ్వే కోసి బియ్యం డబ్బాలో దాచావట. "పుస్తకం పోతె పోయింది, పిల్లను మాత్రం పోనియ్య" అన్నావట. నాకు పంపాలంటే ఎందుకు కోశావో చెప్పాలి, అది చెప్పాలంటే పుస్తకం ఇచ్చిన మాట చెప్పాలి. అందుకని దాచి కూర్చున్నావు. నేను ఇక్కడ పొయ్యినీ పెంటనూ తలుచుకుంటూ కూర్చున్నాను. ఇంత తెలివితక్కువ పని నువ్వు తప్ప ఎవ్వరూ చెయ్యరు.

అయినా నా కోపం లేచే ఉంది. ఆకు అందింది కాబట్టి ఇప్పుడు నిమ్మళంగా కోపం చేసుకోవచ్చనిపించింది. ఆకుకు ఇటు నాది, అటు నీది. సగం నీది నా ఇంట్లో ఎందుకు? "జర ఆగు బావా, మీ ఆమె దిక్కుది మీ ఆమెకే పంపిస్త" అన్నాను. నీకు తెలుసు, మన ఆకులు రెండు పలచని కాగితాలు వీపులు కలిపి అతికించినవి. ఆవిరి పట్టిస్తే రెండుగా విడదీయొచ్చు, ఆ పని నాకు వచ్చు. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. బావ తల వంచుకున్నాడు.

విడదీసే ముందు నీ వైపు తిప్పాను.

నీ వైపు ఏముండేదో నాకు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. నిజాం స్టాంపులు చెల్లకుండా పోయినప్పుడు నువ్వు ఊరంతా తిరిగి ఏరుకొచ్చి, ఆకు నిండా ఈ చివర నుంచి ఆ చివర దాకా సందు లేకుండా పరిచావు. ఆకుపచ్చ, గోధుమ, నీలం. పుస్తకం చూసిన వాళ్ళందరూ ముందు ఆ పేజీనే మెచ్చుకునేవాళ్ళు. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది, ఇప్పుడు చెప్పేస్తున్నా.

నిన్న చూస్తే ఆ రంగుల తోట మధ్యలో స్టాంపులు లేవు. ఎవరో ఒక్కొక్కటీ తీసేసినట్టు ఖాళీ. ఆ ఖాళీలో నూనె దిగిన మరక, తేనె రంగులో. అయిదు వేళ్ళు.

ఆముదం ఆగదు కదా అక్కా. నా వైపు నుంచి ఇన్నేళ్ళూ మెల్లగా, ఒక కాగితం దాటి, ఇంకో కాగితం దాటి, నీ వైపు దిగింది. కాగితాల వ్యాపారం చేసే నాకు ఈ మాట ముందే తట్టాల్సింది. బావ అప్పుడు చెప్పాడు:

"పోయినేడు పుస్తకం మా ఇంట్ల ఉన్నప్పుడు స్టాంపుల మీద నల్లగ మరక లేస్తుండె. నేను ఎలుక పాడు చేసిందనుకున్న. ఆమె ఎండకు పట్టి సూసింది. సూసి, గుడ్డ తడిపి, ఒక్కొక్క స్టాంపు లేపుడు షురు చేసింది. 'ఏందే, మంచిగున్నదాన్ని ఖరాబు చేస్తున్నవ్' అన్న. 'పొల్ల ఇటు దిక్కు వస్తున్నది. అడ్డముండద్దు, దారియ్యాలె' అన్నది."

క్రిస్మస్‌కు "జర పని మిగిలింది" అన్నది దీని కోసమా? వేళ్ళ సందుల్లో కూడా స్టాంపులు ఉంచి, వేళ్ళ మీద మాత్రమే తీశావు. చిటికెన వేలి పక్కన అంచు కత్తిరించి మళ్ళీ అతికించిన నీలం స్టాంపు చూశాను. ఎంతసేపు పట్టిందో ఆ ఒక్క వేలికి. అటు తిప్పితే ఒక చెయ్యి, ఇటు తిప్పితే ఇంకో చెయ్యి. ఇన్నేళ్ళూ నాకు బిడ్డది ఒక్క చెయ్యే ఉందనుకున్నాను.

నీళ్ళు మరిగి పొంగుతుంటే బావ, "రిబ్కా, నీళ్ళు" అన్నాడు. చాయ్ పత్తా వేశాను. చాయ్ తాగి, రొట్టె తిని, సాయంత్రం బండికి పోయాడు. మీ మరిది స్టేషను దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాడు. వచ్చి ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, "దస్తకత్ రెండు దిక్కుల చేసింది" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు విను. కోపం పోలేదు. నువ్వు దాన్ని ఎంత ప్రేమించావో ఈ ఆకు చెప్తుంది, కానీ నన్ను అడగకుండా పుస్తకం ఇచ్చిన మాటను ఈ ఆకు తుడిచెయ్యదు. ఆ గుడిలో నాతో చప్పట్లు కొట్టించిన మాటనూ తుడిచెయ్యదు. రెండూ ఉంటాయి, ఈ ఆకుకు రెండు వైపులున్నట్టు. నేను విడదీయలేకపోయాను.

మాట ప్రకారం ఈ ఏడు నాది. ఆకు నా దగ్గర ఉంటుంది. క్రిస్మస్‌కు నీది. బావతో పంపను, టపాలో పంపను. నువ్వే రావాలి. వచ్చినప్పుడు సభలో లేచి నిలబడి, ఆ పుస్తకం మేమిద్దరం చేసినమని నీ నోటితో చెప్పాలి. చప్పట్లు కొడితే కొడతారు, లేకపోతే లేదు. నేను మాత్రం కొడతాను, ఈసారి ఎవరూ పొడవకుండానే.

వచ్చేటప్పుడు ఆ లేపిన స్టాంపులు తీసుకురా. పారేశానన్నావంటే మాత్రం గడపలోనే కొట్లాట. దుకాణంలో మంచి ఉర్దూ కాగితం ఒక దస్తా పక్కన పెట్టాను, కుట్టి పుస్తకం చేస్తాను. మొదటి ఆకు మన దగ్గర ఉంది. దాని తర్వాతిది నువ్వు మొదలుపెట్టు. మైదా లై వద్దు, నీ లైని నమ్మను. చింతగింజలు నేను నానబెడతాను.

వందనాలు తర్వాత చెప్తానన్నాను కదా. అవి ఇప్పుడు కూడా చెప్పను. నువ్వు సభలో లేచి, చెప్పి, కూర్చున్నాక.

నీ చెల్లె,
రిబ్క